రాక్షసబల్లి ఆటలు – మన చిన్నబిడ్డలు



మన పల్లెలలో ఇప్పుడు అనేక ఇళ్ళలో ఒక రాక్షసబల్లి కాపురమున్నది. నెట్ సిగ్నల్ పోయినప్పుడు ఫోనులోని క్రోమ్ తెరమీద కనబడే చిన్న బొమ్మ అది. వేలితో తాకితే పరుగెత్తుతుంది, ఎదురైన జెముడు చెట్లమీదుగా దూకుతుంది. 2014లో గూగుల్ సంస్థవారు దానిని అందులో చేర్చారు. నెట్ లేకపోతే మనిషి రాక్షసబల్లుల కాలమునకు వెళ్ళినట్లే గదా అన్న హాస్యము దాని వెనుక ఉన్నది.

అది వినోదమే గాని చదువు కాదు. అయితే ఇదే జంతువు పేరున అంకెలు, అక్షరములు, రంగులు, ఆకారములు నేర్పుతామని చెప్పే ఆటలు ఈనాడు లెక్కకు మించి ఉన్నవి. గుడివాడ వైపునైనా, అవనిగడ్డ వైపునైనా ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత తల్లులు మమ్మును అడిగే మాట ఒకటున్నది: "అయ్యగారూ, పిల్లవాడు అన్నము తినాలంటే ఫోనులో ఆ డైనోసారు ఉండాలి. చదువు ఆటే అంటున్నారు. ఇవ్వవచ్చునా?" ఆ ప్రశ్నను తేలికగా తీసుకొనకూడదు. బిడ్డకు మాటలు వచ్చే వయసు, లోకమును చూచి ఆశ్చర్యపడే వయసు ఒక్కసారే వస్తుంది. ఆ వయసును దేనికి అప్పగిస్తున్నామో మనము తెలిసికొనవలెను.

ఈ జంతువు మీద ఇంత ప్రీతి ఎందుకు?

రాక్షసబల్లి ఇల్లంత పెద్దది, పళ్ళు కత్తులవంటివి. అయినా అది మన వీధిలోనికి రాదు. భయము, ధైర్యము రెండును కలిసిన ఆనందము బిడ్డకు కలుగుతుంది. దానికి తోడు నోరు తిరగని పేర్లు. ట్రైసెరాటాప్స్ అని నాలుగేండ్ల పిల్ల స్పష్టముగా పలికి, నాన్నగారు తడబడితే సరిదిద్దుతుంది. "నాకు తెలుసు" అన్న ఆ సంతోషమే చదువునకు మొదటి మెట్టు.

అమెరికాలో 2009లో పిల్లల కొరకు 'డైనోసార్ ట్రెయిన్' అను టెలివిజన్ కార్యక్రమము మొదలైనది. దానికి తోడుగా ఆటలు కూడ తయారుచేశారు. ప్రతి భాగము చివర స్కాట్ శాంప్సన్ అను శిలాజ శాస్త్రజ్ఞుడు వచ్చి, ఇక బయటికి వెళ్ళి ప్రకృతిని మీరే చూడండి అని పిల్లలను పంపేవాడు. ఈ సంగతి మనము గమనించదగినది. మంచి ఆట బిడ్డను తనకు కట్టివేసుకొనదు, లోకము వైపు తిప్పి పంపుతుంది.

ఆట తయారయ్యే విధము

పూర్వము ఇట్టి ఆటలను ఫ్లాష్ అను సాధనముతో చేసేవారు. 2020 డిసెంబరు 31తో అడోబి సంస్థ దానికి మద్దతు నిలిపివేసినది. ఇప్పుడు హెచ్‌టిఎంఎల్5 మొదలైన పద్ధతులతో చేస్తున్నారు. అందువలన వేరుగా ఏమియు ఎక్కించుకొనకుండ, ఫోనులోని బ్రౌజరులోనే ఆట నడుస్తుంది.

కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చేసేవారు చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆ తరువాతనే రంగు వేస్తారు. ఆట కూడ అట్టిదే. బొమ్మ గీసేవారు ఒకరు, కంప్యూటరునకు సూచనలు వ్రాసేవారు ఒకరు, గొంతు ఇచ్చేవారు ఒకరు. వీరందరికి ముందుగా, బిడ్డకు ఏమి నేర్పవలెనో నిర్ణయించే ఉపాధ్యాయుడు ఉండవలెను. ఆ చివరి మనిషి లేని ఆటలో రంగు ఉంటుంది గాని కర్ర ఉండదు.

ఒక ఉదాహరణ చూతము. గూటిలో అయిదు గ్రుడ్లు పెట్టమని తల్లి రాక్షసబల్లి అడుగుతుంది. బిడ్డ ఒక్కొక్క గ్రుడ్డును వేలితో లాగి గూటిలో వేయగా "ఒకటి, రెండు, మూడు" అని గొంతు లెక్కపెడుతుంది. ఈ చిన్న ఆటకు ఎన్నో సంగతులు ఆలోచింపవలెను. బిడ్డకు చదువు రాదు గనుక సూచన అక్షరములలో కాక మాటలో ఉండవలెను. వేలు ఇంకను కుదురుగా నిలువదు గనుక గ్రుడ్డు పెద్దదిగా ఉండవలెను. ఆరవ గ్రుడ్డు వేస్తే గద్దింపు శబ్దము చేయక, మరల కలిసి లెక్కపెట్టవలెను. గడియారము పెట్టి తొందరపెట్టకూడదు. గ్రుడ్డు వేసిన ప్రతిసారి టపాకాయలు పేలితే బిడ్డ టపాకాయల కొరకే వేలు ఆడిస్తుంది, అంకె మరచిపోతుంది.

ఇంతయు చేసిన తరువాత నిజమైన పరీక్ష వస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలను కూర్చుండబెట్టి, ఏమియు చెప్పక, వారి వేలు ఎక్కడికి పోతున్నదో చూడవలెను. వేలు ఆగిన చోట ఆటలో లోపమున్నది, బిడ్డలో కాదు.

2015లో కేథీ హర్ష్-పాసెక్ మొదలైన పరిశోధకులు చదువు నేర్పే ఆటలకు నాలుగు గురుతులు చెప్పారు. బిడ్డ మనసు పని చేయవలెను, ధ్యాస చెదరకూడదు, నేర్చినది తన జీవితమునకు సంబంధించి అర్థవంతముగా ఉండవలెను, మరియొక మనిషితో మాటలాడుటకు అది త్రోవ చూపవలెను. మన అమ్మమ్మలు ఈ పరిశోధన చదువలేదు గాని, వామనగుంటలలో చింతపిక్కలు పంచుతూ లెక్క నేర్పినప్పుడు ఈ నాలుగును అందులో ఉన్నవి. ఎదుట మరియొక మనిషి కూర్చుండేవారు గదా!

ఆటలో నిజము ఎంత?

పిల్లల ఆటలలో గుహలో ఉండే మనిషి రాక్షసబల్లి మీద స్వారిచేస్తూ కనబడుతుంటాడు. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము పక్షులు తప్ప మిగిలిన రాక్షసబల్లులు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందటనే అంతరించినవి. మనుష్యులు వాటిని చూచియుండలేదు. రెక్కలు చాపి ఎగిరే టెరోసార్లు రాక్షసబల్లుల జాతి కావు, సముద్రములో ఈదినవి కూడ వేరే జాతులు. నేర్పుతామని చెప్పేవారు ఈమాత్రము సరిచూచుకొనవలెను.

ఇంకొక సంగతి. ఈ ఆటలలో ముందుగా కనబడేది అమెరికా దేశపు టి-రెక్స్. మన గోదావరి నేలలో దొరికినవాటి పేర్లు మనలో ఎందరికి తెలియును? ప్రాణహిత-గోదావరి లోయలో, ఇప్పటి తెలంగాణలోని యామన్‌పల్లి గ్రామము దగ్గర 1970ల చివరి సంవత్సరములలో 840 ఎముకలు బయటపడినవి. కనీసము 12 జంతువులవి అవి. 1988లో యాదగిరి అను భూగర్భ శాస్త్రజ్ఞుడు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని ఆ గ్రామము పేరే పెట్టారు. ఆకులు మేసే జంతువు, పొడవు సుమారు 9 మీటర్లు. కూర్చి నిలిపిన దాని అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియములో ఉన్నది. ఆ లోయలోనే దొరికిన మరియొకదానికి 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారాపా అనగా బెంగాలీలో పెద్దకాలు. అక్కడ త్రవ్వకము జరిగినది రవీంద్రనాథ్ టాగూరు శతజయంతి కాలములో గనుక ఆయన పేరు చేర్చారు. అది కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది.

కోటాసారస్ విషయములో చక్కని పాఠమొకటున్నది. అన్ని ఎముకలు దొరికినను, రెండు పళ్ళు తప్ప దాని తల దొరుకలేదు. బొమ్మలో కనబడే తల, దాని బంధువులైన జంతువులను చూచి ఊహించినది. ఎముక దొరికిన భాగము ఒక రంగులోను, ఊహించిన భాగము వేరొక రంగులోను చూపించే ఆట ఎవరైనా చేస్తే, తెలిసినదానికి తెలియనిదానికి గల భేదమును బిడ్డ అయిదవ యేటనే నేర్చుకొంటుంది.

మన డెల్టాలో త్రవ్వితే దొరకవా అని పిల్లలు అడుగుతారు. దొరకవు. మన పొలముల నేల కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు. ఆ జంతువుల కాలము ముందు అది నిన్నటి మట్టివంటిది.

సండేస్కూలులో వచ్చే ప్రశ్న

ఈ ఆటలు ఆడిన బిడ్డ ఒకనాడు సండేస్కూలులో లేచి "బైబిలులో డైనోసారు ఉన్నదా?" అని అడుగుతుంది. కొందరు ఉపాధ్యాయులు "అవన్నీ అబద్ధము, కూర్చో" అంటారు. ఆ జవాబు తగదు. కొన్నేండ్ల తరువాత ఆ బిడ్డ హైదరాబాదు వెళ్ళి ఆ ఎముకల ఎదుట నిలువబడినప్పుడు, అబద్ధమన్న నోటనుండి విన్న మిగిలిన మాటలను కూడ అనుమానిస్తుంది. ఇక్కడ పోయేది ఒక ఆట కాదు, బిడ్డకు మన మీదనున్న నమ్మకము.

డైనోసార్ అను మాటను రిచర్డ్ ఓవెన్ అను ఆంగ్లేయుడు 1842లో కూర్చాడు. అంతకు ముందటి ఏ గ్రంథములోను ఆ మాట ఉండనేరదు. యోబు గ్రంథము 40వ అధ్యాయములోని గొప్ప మృగము రాక్షసబల్లియే అని కొందరు విశ్వాసులు తలంచుచున్నారు. మన తెలుగు బైబిలు అనువాదకులు దానిని నీటిగుఱ్ఱము అన్నారు. సృష్టి దినముల లెక్కను గూర్చియు దైవభక్తిగలవారిలో భిన్నాభిప్రాయములున్నవి. "ఎముకలు నిజమే. అవి ఎంత పాతవో శాస్త్రజ్ఞులు రాళ్ళను పరీక్షించి చెప్పుచున్నారు. సమస్తమును చేసినవాడు దేవుడని మనము నమ్ముచున్నాము" అని బిడ్డ అడిగినంతవరకు నెమ్మదిగా చెప్పితే చాలును. బిడ్డ ప్రశ్న వేయుట అవిశ్వాసము కాదు.

తల్లిదండ్రులకు

మొదటిది కాలము. రెండేండ్లలోపు బిడ్డలకు, బంధువులతో వీడియోలో మాటలాడుట తప్ప, తెర చూపించవద్దని భారత శిశువైద్యుల సంఘము సలహా యిచ్చినది. రెండు మొదలు అయిదేండ్ల వరకు దినమునకు ఒక గంట దాటకూడదు, తగ్గినకొలది మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇంచుమించు ఇదే చెప్పినది. అన్నము తినిపించుటకు తెర పెట్టకండి. ఆకలి, కడుపు నిండుట బిడ్డకు తెలియకుండ పోతుంది.

రెండవది, ముందుగా మీరే ఆడి చూడండి. మధ్యలో ప్రకటనలు వస్తున్నవా? డబ్బు కట్టమని బొమ్మ బ్రతిమాలుచున్నదా? బిడ్డ పేరు, ఫోటో అడుగుచున్నదా? అట్టిదానిని తీసివేయండి. ఆటకు ముగింపు ఉండవలెను. ఎప్పటికిని అయిపోని ఆట బిడ్డకు చదువు నేర్పుటకు చేసినది కాదు.

మూడవది, ప్రక్కన కూర్చుండండి. తెర ఆపిన తరువాత పెరట్లోనికి తీసికొనిపోయి కోడి కాలు చూపించండి. ముందుకు మూడు వేళ్ళు, వాటిమీద పొలుసులు. టి-రెక్స్ కూడ అట్లే మూడు వేళ్ళమీద నడిచినది. పక్షులు ఆ జంతువుల వంశములోనివే అని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ పాఠమునకు రీచార్జి అక్కరలేదు.

యౌవనస్థులకు

మన సంఘములలో ఇంజనీరింగు చదివిన బిడ్డలు ఎందరో ఉన్నారు. తెలుగులో, మన యాసలో మాటలాడే కోటాసారస్ ఆటను మీరు చేయగలరు. అమెరికాలోని ఎం.ఐ.టి.వారు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అను సాధనము ఉచితము. రంగు రంగుల దిమ్మెలను ఒకదానికొకటి చేర్చినట్లు సూచనలు అమర్చుటే దానిలోని పని. ఎనిమిదేండ్లు దాటిన పిల్లలే దానితో ఆటలు చేస్తున్నారు. నెట్ లేకుండ కంప్యూటరులో నడిచే రూపము కూడ దొరుకుతుంది.

వేసవి సెలవులలో వి.బి.ఎస్. జరిగే పది దినములలో ఒక చిన్న పని పెట్టుకొనండి. బొమ్మలు పెద్దపిల్లలు గీయవచ్చును. ఒకటి, రెండు అని లెక్కపెట్టే గొంతు ఊరిలోని ఒక అవ్వగారిదై ఉండనియ్యండి. గ్రుడ్ల బదులు తాటిముంజలు, మామిడికాయలు పెట్టండి. మొదటి ఆట చిన్నదైనను సరే, అయిదు వరకు లెక్కపెట్టించితే చాలును.

లోకములోని ఆటలన్నిటిని మనము ఆపలేము. ఆపవలసిన అవసరమును లేదు. బిడ్డ చేతికి ఏది ఇస్తున్నామో ఎరిగి ఇచ్చుట, ఇచ్చినప్పుడు ప్రక్కన ఉండుట, అడిగినదానికి నిజము చెప్పుట మన చేతిలో ఉన్నవి. ఈ వారములో మీ బిడ్డ ప్రక్కన ఒక పావుగంట కూర్చుండి, "ఏదీ, నీ రాక్షసబల్లి పేరేమిటో నాకు చెప్పు" అని అడగండి. బిడ్డ చెప్పినది శ్రద్ధగా వినండి.