పార్ట్‌టైమ్ పరిశోధన - ఎవరికి అందుతుంది?

ఆస్పత్రిలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం చేసుకుంటూనే బయోమెడికల్ ఇంజనీరింగ్‌లో పిహెచ్.డి. చెయ్యొచ్చా? చెయ్యొచ్చు. 2022 నాటి యు.జి.సి. నిబంధనలు పార్ట్‌టైమ్‌ని ఒప్పుకున్నాయి. కనీసం 3 ఏళ్లు, మామూలుగా 6 ఏళ్ల లోపు పూర్తి చెయ్యాలి.

అసలు చిక్కు నిరభ్యంతర పత్రం దగ్గరుంది. చదువుకు అనుమతిస్తున్నామనీ, పరిశోధనకు చాలినంత టైం దొరుకుతుందనీ, అవసరమైతే కోర్సువర్కుకి పంపిస్తామనీ యాజమాన్యం రాసివ్వాలి. కాంట్రాక్టు ఉద్యోగికి ఇది ఎవరు రాసిస్తారు? పోనీ ఉద్యోగం మానేద్దామంటే ఇల్లు గడవదు. మానకపోతే ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ రాదు, అది ఫుల్‌టైమ్ వాళ్లకే. మాలాంటి మొదటితరం చదువరులం ఈ రెంటి మధ్యే నలుగుతున్నాం.

ఇంత తంటా ఎందుకంటారా? పల్స్ ఆక్సీమీటర్‌నే చూడండి. అది వేలిగుండా వెలుగు పంపి రక్తంలో ఆక్సిజన్ని అంచనా కడుతుంది. చర్మంలోని మెలనిన్ ఆ వెలుగుని పీల్చుకుంటుంది. 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం ప్రకారం, మీటరు 92-96 చూపినా అసలు ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం.

యంత్రానికి పక్షపాతం ఏముంటుందంటారు. దాన్ని ఎవరి వేళ్లమీద సరిచూశారు మరి? ఎండలో కమిలిన మన చేతులు ఆ లెక్కలోకి రావాలంటే మనవాళ్లు ప్రయోగశాలలో ఉండాలి. అందుకే పార్ట్‌టైమ్ వాళ్లకీ ఫెలోషిప్ ఇవ్వాలనీ, కోర్సువర్కు కాలానికి జీతంతో సెలవు ఇవ్వాలనీ అడుగుతున్నాం.