మీకు తెలుసా? 42000 అంటే 42 డిగ్రీలే!

లైనక్స్ కంప్యూటర్‌లో వేడి లెక్కలు హెచ్‌డబ్ల్యూమాన్ అనే ఫోల్డర్ కింద మామూలు ఫైళ్లలా కనిపిస్తాయి. టెంప్1_ఇన్‌పుట్ అనే ఫైల్ తెరిస్తే, ఉదాహరణకు 42000 అని ఉంటుంది. కంగారు పడకండి, అది డిగ్రీలో వెయ్యో వంతుల్లో చెప్పే లెక్క. ఇంటెల్ ప్రాసెసర్‌కు కోర్‌టెంప్, ఏఎండీకి కె10టెంప్ అనే డ్రైవర్లు ఈ అంకెలు అందిస్తాయి.

డ్రైవర్ నిజం చెబుతోందా? మే నెల నిజామాబాద్‌లో పరీక్ష సులువు. గదిలో గోడకున్న థర్మామీటర్ 40 చూపిస్తుంటే, ఫ్యాన్‌తో చల్లబడే ప్రాసెసర్ 28 అంటే అది శుద్ధ అబద్ధం. ఫ్యాన్ గాలి గది వేడికన్నా కిందికి దించలేదు కదా! తర్వాత ప్రాసెసర్‌కు నిండా పని పెట్టి, సెన్సర్స్ కమాండ్ కొట్టాలి. అంకె వెంటనే ఎగబాకాలి, పని ఆపితే దిగాలి. మదర్‌బోర్డు చిప్ చూపే ఇంకేదైనా అంకె కదలకుండా 127 దగ్గరే కూర్చుంటే, చాలాసార్లు ఆ చిప్ పిన్నుకు సెన్సరే తగిలించి ఉండదు.

బోధన్ శక్కర్‌నగర్‌లో 2015లో మూతపడిన నిజాం షుగర్స్ లాంటి మిల్లుల్లోనూ, మీటరును నమ్మాలా వద్దా అని ఇదే తంటా. చెరకు పాకాన్ని గాలి తీసేసిన పాన్‌లో సుమారు 65 డిగ్రీల దగ్గరే మరిగిస్తారు. మీటరున్నా సరే, చేయి తిరిగిన పనివాడు పాకం చుక్కను వేళ్ల మధ్య సాగదీసి తీగ చూడనిదే నమ్మడు.