మన ఇంటికి ఏ కెమెరా మంచిది?



ఉగాది దగ్గర పడినా, ఇంట్లో పెళ్ళి కుదిరినా మనం అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ కెమెరా కొందాం?" దుకాణానికి వెళితే అమ్మే అతను ముందు మెగాపిక్సెళ్ళ సంగతే చెబుతాడు. అక్కడికి వెళ్ళేముందు మీరు ఇంకో ప్రశ్న వేసుకోండి. ఈ కెమెరాతో మనం ఏం తీస్తాం?

మారిషస్‌లో మన తెలుగు కుటుంబాలకు ముఖ్యంగా మూడు పనులు ఉంటాయి. ఒకటి, పాత ఫోటోలకూ కాగితాలకూ నకలు తీయడం. రెండు, రాత్రిపూట గుడిలో, రామభజనంలో ఫోటోలు తీయడం. మూడు, పెద్దవాళ్ళు చెప్పే మాటలను వీడియో తీయడం. ఒక్కో పనికి కెమెరాలో ఒక్కో గుణం కావాలి.

పాత ఫోటోలు, కాగితాలు

మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రికార్డులు ఉన్నాయి. 1860ల నుంచి తీసిన ఫోటోలు కూడా అందులో ఉన్నాయి. ఆ రికార్డుల నకలు కొందరి ఇళ్ళలో ఉంటుంది. మిగతావన్నీ మన బీరువాల్లోని ఫోటోలే. 1960లో కరోల్ తుఫాను వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళు కూలిపోయాయి. దాన్ని దాటి మిగిలిన ఫోటోలు ఇప్పుడు తేమకు మచ్చలు పడుతున్నాయి.

ఈ పనికి ఖరీదైన కెమెరా అవసరం లేదు. మంచి ఫోను చాలు. 12 మెగాపిక్సెళ్ళు కూడా చాలు. ఎందుకంటే ఏ4 కాగితం నిండా స్పష్టంగా అచ్చు వేయడానికి దాదాపు 9 మెగాపిక్సెళ్ళే కావాలి. కావలసింది ఓపిక. ఫోటోను కిటికీ దగ్గర బల్లమీద పెట్టండి. నేరుగా ఎండ పడకూడదు. ఫ్లాష్ వేయకండి, వేస్తే తెల్లటి మెరుపు పడుతుంది. కెమెరాను సరిగ్గా పైనుంచి, ఫోటోకు సమానంగా పట్టుకోండి. చెయ్యి కదలకుండా స్టాండు వాడండి. 2 సెకన్ల టైమరు పెడితే మీట నొక్కినప్పుడు వచ్చే కదలిక కూడా ఉండదు. ఫోటో వెనుక వైపు కూడా తీయండి. పేర్లు, తేదీలు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

రాత్రి, దీపం వెలుగులో

అసలు కష్టం ఇక్కడ ఉంది. రామభజనంలో దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు, అడుగులు వేస్తారు. వెలుతురు తక్కువ, మనుషులు కదులుతూ ఉంటారు. ఫ్లాష్ వేస్తే దీపం అందం పోతుంది, పాడేవాళ్ళ కళ్ళు చెదురుతాయి. దూరంగా ఉన్నవాళ్ళకు ఆ వెలుగు చేరదు కూడా.

కెమెరా లోపల వెలుతురును పట్టే పలకను సెన్సర్ అంటారు. వాన నీళ్ళు పట్టడానికి వెడల్పాటి పాత్ర పెడితే ఎక్కువ నీళ్ళు పడతాయి కదా! సెన్సర్ కూడా అంతే. చిన్న పాకెట్ కెమెరా సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకం అని చెప్పే సెన్సర్ 116 ఉంటుంది. ఏపీఎస్-సీ అనే రకం సుమారు 370. ఫుల్ ఫ్రేమ్ 864. మన పనికి ఏపీఎస్-సీ చాలా బాగుంటుంది.

రెండవది లెన్సు. లెన్సు మీద ఎఫ్ పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సుకు 3.5 నుంచి 5.6 వరకు ఉంటుంది. 1.8 ఉన్న లెన్సు 3.5 కంటే దాదాపు నాలుగు రెట్ల వెలుతురును లోపలికి పంపుతుంది. జూమ్ లేని చిన్న 1.8 లెన్సు అంత ఖరీదు కాదు. అందుకే కొత్త కెమెరా మీద డబ్బంతా పెట్టకండి. కొంచెం పాత కెమెరా, దానికి మంచి లెన్సు కొనుక్కోండి.

అమ్మే అతను "దీనిలో చెయ్యి వణుకును ఆపే సౌకర్యం ఉంది" అంటాడు. అది నిజమే. కానీ అది మీ చేతి వణుకునే ఆపుతుంది, భజనలో తిరిగేవాళ్ళను ఆపదు. వాళ్ళు స్పష్టంగా పడాలంటే షట్టరు వేగం సెకనులో 125వ వంతు అయినా ఉండాలి. అందుకోసం ఐఎస్‌ఓ అంకెను 3200 వరకు పెంచవలసి రావచ్చు. ఫోటోలో కొంచెం ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. ఫరవాలేదు. ముఖం చెరిగిపోయిన ఫోటో కంటే అది మేలు.

పెద్దవాళ్ళ మాట

పాత రికార్డుల్లో మన పేర్లను గుమాస్తాలు తమ చెవికి వినబడినట్టు రాశారు. తర్వాత ఆ రాతే చాలామందికి ఇంటిపేరు అయింది. ఆ పేరును తెలుగులో ఎలా పలికేవారో కాగితం చెప్పదు. మీ నానమ్మ చెబుతుంది, మీ తాతయ్య చెబుతాడు. పాత ఫోటోలో రెండవ వరుసలో నిలబడ్డ ఆవిడ ఎవరో కూడా వాళ్ళకే తెలుసు. వాళ్ళు ఉండగానే అడగాలి.

ఈ పనిలో బొమ్మ కంటే శబ్దం ముఖ్యం. కాబట్టి బయటి మైకు పెట్టుకునే రంధ్రం ఉందో లేదో చూడండి. చాలా పాత కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు వీడియోను వాటంతట అవే ఆపేస్తాయి. మీరు కొనేది ఆపుతుందో లేదో అడగండి. తాతయ్య అసలు కథ మొదలుపెట్టేది సరిగ్గా ముప్పయ్యవ నిమిషంలోనే కావచ్చు!

కొనేటప్పుడు

మీ సొంత కార్డు తీసుకువెళ్ళండి. దుకాణంలో చీకటి మూల చూసి, అక్కడ మనిషిని నిలబెట్టి నాలుగు ఫోటోలు తీయండి. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూసిన తర్వాతే నిర్ణయించండి. పెట్టె మీద రాసిన డిజిటల్ జూమ్ అంకెను లెక్కలోకి తీసుకోకండి. అది ఫోటోను కత్తిరించి పెద్దది చేయడమే. లెన్సుతో వచ్చే జూమ్, అంటే ఆప్టికల్ జూమ్, ఒక్కటే నిజమైనది.

వాడిన కెమెరా కొంటే లెన్సులోకి టార్చి వేసి చూడండి. సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తే అది బూజు. క్యూర్‌పీప్ వైపు ఉండేవాళ్ళకు ఈ బాధ తెలుసు. కెమెరాను బట్టల బీరువాలో దాచకండి. గట్టిగా మూత పడే డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు పెట్టండి. సముద్రం ఒడ్డున తీస్తే ఇంటికి రాగానే ఉప్పు తుడవండి.

తీసిన తర్వాత

ప్రతి ఫోటోకూ మూడు నకళ్ళు ఉంచండి. ఒకటి మీ కంప్యూటర్‌లో, ఒకటి విడి డిస్కులో, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న చుట్టాల ఇంట్లో. తుఫాను ఒక ఇంటిని ముంచినా, ఇంకో ఇంట్లో ఫోటో ఉంటుంది.

ప్రతి ఫోటోకూ పేరు, ఊరు, సంవత్సరం రాయండి. తెలుగులో రాయండి. తప్పు వస్తుందని భయపడకండి. మీరు తెలుగు నేర్చుకుంటున్నారు కదా, ఇంతకంటే మంచి కాపీ రాత ఏముంటుంది? ఈసారి ఉగాదికి అందరూ ఇంటికి వచ్చినప్పుడు, భోజనాలయ్యాక ఒక పాత ఫోటో బల్లమీద పెట్టండి. వీడియో మొదలుపెట్టి, "ఈయన ఎవరు?" అని అడగండి. మీ చేతిలో ఫోను తప్ప ఇంకేమీ లేకపోయినా అడగండి. కెమెరా తర్వాత కొనవచ్చు.