ఆ చేత్తోనే అందుకో అత్తా!

కళింగపట్నంలో మా మేనత్తకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందంటే చూడ్డానికి వెళ్లాను. కోడలు అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ముఖం కడగడం, జాకెట్టు తొడగడం అన్నీ ఆ పిల్లే. "కన్నకూతురైనా ఇంత చెయ్యదు" అంటోంది వీధంతా. ఆ రోజే శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు మాత్రం "అన్నీ మీరే చేసేస్తే ఆవిడ చెయ్యి ఎప్పుడు నేర్చుకుంటుందమ్మా?" అన్నాడు. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజానికి జబ్బు చేతిలో లేదు, మెదడులో ఉంది. రక్తనాళం పూడుకుపోయో, చిట్లిపోయో మెదడులో కొంత భాగం దెబ్బతింటే, దాని పని మిగిలిన భాగాలు కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకోవడమంటే ఒకే పని వందలసార్లు చెయ్యడమే. పావురం రక్తం రాస్తే ఆ పాఠం మెదడుకి అందదు. మొదటి మూడు నెలల్లోనే మార్పు ఎక్కువగా వస్తుంది. ఆ మూడు నెలలూ పసరు మందులకే పోగొట్టుకునే ఇళ్లెన్నో! (తర్వాత రాదని కాదు, నెమ్మదిగా వస్తుంది.)

అత్త అసలు బాధ వేరు. నలుగురిలో ఎడంచేత్తో తినడం సిగ్గు. అందుకే ముద్దలకి అలవాటు పడింది. వేళ్లు కాస్త కదులుతున్నాయి కనుక, చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేసి కుడిచేతిలోనే పెట్టమన్నాడాయన. గ్లాసు జరపడం, బల్ల తుడవడం, మడతపెట్టిన తువ్వాలు విప్పడం, ఇవే వ్యాయామాలు. వేళ్లు ముడుచుకుపోతున్న చేతికి బంతి నొక్కించడం కంటే వేళ్లు తెరిపించడం ముఖ్యమట. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకు లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. జాకెట్టు ముందు ఆ చేతికే తొడగాలి, విప్పేటప్పుడు చివర విప్పాలి. మంచినీళ్లకి పొలమారుతుంటే డాక్టరుకి వెంటనే చెప్పాలి.

ఇవన్నీ ఇంట్లోవాళ్లు నేర్చుకుంటే చాలదా? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు. ఇంటివాళ్లకి నేర్పి పంపినా, ఆరు నెలలకి మామూలు వైద్యం పొందినవాళ్లకంటే మెరుగేమీ కనబడలేదు. అందుకే, తెలిసిన మనిషి మళ్లీ మళ్లీ వచ్చి చూడాలంటాన్నేను. శ్రీకాకుళం సుమారు 30 కిలోమీటర్లు, ఆటోలో సరిగ్గా కూర్చోలేని మనిషిని రోజూ తిప్పలేం. వారానికోసారి ఆయన రావడం, మిగతా రోజులు కోడలు చేయించడం అని కుదుర్చుకున్నారు.

ధైర్యం చెబుదామని లూయీ పాశ్చర్ సంగతి ఎత్తాను. 1868లో ఎడమవైపు పడిపోయింది, అయినా 1885లో పిచ్చికుక్క కాటుకి టీకా వేసి చూపించాడు. అత్త ముద్దముద్ద మాటల్లోనే "ఆయనగారు వంకాయలు తరిగేడేటి?" అంది.

రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లాను. అత్త కుడిచేత్తో గ్లాసు ఎత్తబోతే సగం నీళ్లు చీరమీద ఒలికిపోయాయి. కోడలు గబుక్కున చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. మిగిలిన సగం అత్త తాగింది.