అవయవమిచ్చిన వారిని మరువకుందాం

సంఘంలో ఒకరికి కిడ్నీ మార్పిడి జరిగితే అందరం ప్రార్థిస్తాం, ఆసుపత్రికి వెళ్లి పరామర్శిస్తాం, ఇంటికి వచ్చాక కృతజ్ఞత కూడిక పెడతాం. మంచిదే. అయితే ఆ కిడ్నీ ఇచ్చిన భార్యనో, తల్లినో, అన్ననో "నీకెలా ఉంది?" అని అడిగేవారు తక్కువ.

మన దేశంలో కిడ్నీ మార్పిడుల్లో ఎక్కువ భాగం బ్రతికున్న దాతల వల్లనే జరుగుతున్నాయి. వారిలో స్త్రీలే ఎక్కువ. అంటే అవయవమిచ్చినవారే ఇంట్లో రోగికి సేవ కూడా చేయాల్సి వస్తుంది. రోగి జబ్బుతో వెళ్లి స్వస్థతతో తిరిగి వస్తారు. దాత ఆరోగ్యంతో వెళ్లి నొప్పితో తిరిగి వస్తారు. ఈ తేడాను మనం గుర్తించాలి.

చాలామంది దాతలు తృప్తిగానే ఉంటారు. కొందరిని మాత్రం పరామర్శలు ఆగిపోయాక దిగులు, ఒంటరితనం కమ్ముకుంటాయి. ఇచ్చిన కిడ్నీ పనిచేయకపోతే ఆ బాధ మరీ ఎక్కువ. 1954లో బోస్టన్‌లో రోనాల్డ్ హెరిక్ తన కవల సోదరుడు రిచర్డ్‌కు కిడ్నీ ఇచ్చాడు. అది విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి. అయినా రిచర్డ్ 1963లో మరణించాడు. ఎంత ప్రేమతో ఇచ్చినా ఫలితం మన చేతిలో లేదు. "నా కిడ్నీయే మంచిది కాదేమో" అని కుమిలిపోయే దాతకు, తప్పు నీది కాదని చెప్పేవారు కావాలి.

సంఘంగా మనం చేయగలిగినవి ఉన్నాయి. కొన్ని వారాలు దాత బరువులు ఎత్తకూడదు. నీళ్లు మోయడం, వంట, పిల్లల్ని బడికి పంపడం స్త్రీల సమాజం పంచుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన దాతకు 2023 నుండి 42 రోజుల వరకు ప్రత్యేక సెలవు ఉంది. కూలికి వెళ్లే దాతకు ఏ సెలవూ లేదు. ఆ రోజుల కూలి సంఘ నిధి నుండి ఇవ్వవచ్చు. ఏటా బీపీ, రక్త, మూత్ర పరీక్షలకు వెళ్లమని గుర్తుచేయవచ్చు.

కాపరులు దాతను రోగి ఎదుట కాక విడిగా పలకరించాలి. దిగులు వారాల తరబడి తగ్గకపోతే డాక్టరు దగ్గరకు పంపాలి. అది విశ్వాసలోపం కాదు. వారు ఇష్టపడకుండా సాక్ష్యం చెప్పమని వేదిక ఎక్కించవద్దు. పెళ్లికాని అమ్మాయి కిడ్నీ ఇస్తే ఆమెలో లోపమున్నట్టు మాట్లాడవద్దు. ఇవ్వలేనన్న బంధువును నిందించవద్దు. బలవంతంగా తీసుకున్నది దానం కాదు.

ఈ ఆదివారం రోగి పేరుతో పాటు దాత పేరు కూడా ప్రార్థనలో చేర్చుదాం. ఆరాధన అయ్యాక వారి ఇంటికి వెళ్లి, ముందుగా వారినే పలకరిద్దాం.