బాలనాగమ్మ (1942 సినిమా)

బాలనాగమ్మ 1942లో విడుదలైన తెలుగు జానపద చలనచిత్రం. జెమినీ పతాకంపై ఎస్.ఎస్.వాసన్ నిర్మించిన ఈ చిత్రానికి చిత్తజల్లు పుల్లయ్య దర్శకుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రచన చేయగా సాలూరి రాజేశ్వరరావు సంగీతం సమకూర్చాడు. బాలనాగమ్మగా కాంచనమాల, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు, కార్యవర్ధిరాజుగా బండా కనకలింగేశ్వరరావు, సంగుగా పుష్పవల్లి నటించారు.

కథ

ఈ కథ బుర్రకథగా పల్లెల్లో బహుళ ప్రచారం పొందినది. ఏడుగురు రాకుమార్తెలలో కడగొట్టుది బాలనాగమ్మ. భర్త లేని సమయంలో భిక్షకు వచ్చిన మాంత్రికుడు ఆమెను కుక్కగా మార్చి తన గుహకు కొనిపోతాడు. వెదకుచు వచ్చిన భర్తను, సైన్యాన్ని శిలలుగా మార్చివేస్తాడు. బాలనాగమ్మ వ్రతం మిషతో ఏళ్ల తరబడి అతనిని దూరంగా ఉంచుతుంది. ఊయలలో వదలివచ్చిన కుమారుడు బాలవర్ధి పెరిగి పెద్దవాడై తల్లిని వెదకుచు వస్తాడు. మాంత్రికుని ప్రాణమున్న చిలుకను సాధించి, అతనిని అంతమొందిస్తాడు.

విశేషాలు

పిల్లలకు చెప్పే కథే అయినా ఇందులోని భయానికి మూలం మంత్రతంత్రాలు మాత్రమే కాదు. పసిబిడ్డకు దూరమైన తల్లి నిర్బంధం. ఆమెకు ఆయుధం లేదు, గడువు కోరే నేర్పే రక్షణ.

మేరీ ఫ్రియర్ 1868లో ప్రచురించిన దక్కను కథల సంపుటిలోని "పంచ్‌కిన్" కథ దీనికి అతి సన్నిహితమైనది. అందులో నాయిక పేరు బల్నా; మాంత్రికుని ప్రాణం అందులోనూ చిలుకలోనే ఉంటుంది. రష్యా జానపద కథలలోని కొష్చేయ్ ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది.

ఇతర చిత్రాలు

జెమినీ సంస్థ ఇదే కథను 1954లో "బహుత్ దిన్ హుయే" పేరుతో హిందీలో నిర్మించింది. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన తెలుగు "బాలనాగమ్మ"లో ఎన్.టి.రామారావు, అంజలీదేవి, ఎస్.వి.రంగారావు నటించారు.