కోల్‌తారు నుంచి ఎస్టర్ వరకు: కార్బాక్సిలిక్ ఆమ్లాలు, వాటి ఉత్పన్నాల చర్యలు



జంషెడ్‌పూర్ అనగానే మనకు ఉక్కు గుర్తుకొస్తుంది. 1907లో ఏర్పడిన టాటా కంపెనీ సాక్చి గ్రామం వద్ద నిర్మించిన కర్మాగారంలో 1912లో తొలిసారి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. ఇనుప ఖనిజాన్ని కరిగించడానికి కోక్ కావాలి. బొగ్గును గాలి తగలకుండా సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే కోక్‌తో పాటు కోల్‌తారు కూడా వస్తుంది. మన విశాఖ ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్లలో జరిగేదీ ఇదే.

కోల్‌తారు నుంచి నాఫ్తలీన్ లభిస్తుంది. వెనేడియం పెంటాక్సైడ్ ఉత్ప్రేరకం సమక్షంలో దాన్ని గాలితో ఆక్సీకరణం చేస్తే థాలిక్ ఎనహైడ్రైడ్ ఏర్పడుతుంది. నేడు దీన్ని ఎక్కువగా ఆర్థో జైలీన్ నుంచి తయారుచేస్తున్నారు. ఈ ఒక్క పదార్థం ఆధారంగా నేటి పాఠం నేర్చుకుందాం.

చర్యా విధానం

ఆమ్ల ఉత్పన్నాలన్నింటిలో కార్బొనైల్ కార్బన్‌పై పాక్షిక ధనావేశం ఉంటుంది. న్యూక్లియోఫైల్ మొదట ఆ కార్బన్‌తో కలుస్తుంది. చతుర్ముఖీయ మధ్యస్థం ఏర్పడుతుంది. తర్వాత అందులోంచి ఒక సమూహం వెళ్లిపోతుంది. అంటే ముందు సంకలనం, పిదప విలోపనం. మొత్తం మీద ప్రతిక్షేపణ.

వెళ్లిపోయే సమూహం ఎంత బలహీన క్షారమైతే అంత తేలికగా వెళ్తుంది. అందువల్ల చర్యాశీలత ఈ క్రమంలో తగ్గుతుంది: ఆమ్ల క్లోరైడ్, ఎనహైడ్రైడ్, ఎస్టర్, అమైడ్. క్లోరైడ్ అయాన్ చాలా బలహీన క్షారం, అమైడ్ అయాన్ చాలా బలమైన క్షారం. ఈ కారణం తెలిస్తే క్రమాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

థాలిక్ ఎనహైడ్రైడ్ చెప్పే పాఠం

దీన్ని ఆల్కహాల్‌తో వేడిచేస్తే వలయం సులభంగా తెరుచుకుంటుంది. ఒక వైపు ఎస్టర్, మరో వైపు కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహం మిగులుతాయి. ఈ రెండో సమూహాన్ని ఎస్టర్‌గా మార్చడం మాత్రం అంత తేలిక కాదు. ఆమ్ల ఉత్ప్రేరకం కావాలి, ఏర్పడిన నీటిని తొలగిస్తుండాలి. కారణం, ఎస్టరీకరణం ద్విగత చర్య. ఎసిటిక్ ఆమ్లం, ఇథనోల్ ఒక్కో మోల్ తీసుకుంటే సమతాస్థితి వద్ద సుమారు 0.67 మోల్ ఎస్టర్ మాత్రమే ఉంటుంది. నీటిని తీసివేస్తే చర్య ముందుకు సాగుతుంది. ఇలా తయారైన థాలేట్ ఎస్టర్లను పి.వి.సి. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడతారు. అవి ప్లాస్టిక్‌తో రసాయన బంధం ఏర్పరచవు కనుక నెమ్మదిగా బయటికి వస్తాయి. అందుకే పిల్లల ఆటబొమ్మల్లో కొన్ని థాలేట్లపై పలు దేశాలు ఆంక్షలు పెట్టాయి.

అమోనియాతో వేడిచేస్తే థాలిక్ ఎనహైడ్రైడ్ థాలిమైడ్‌ను ఇస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: కార్బాక్సిలిక్ ఆమ్లానికి అమోనియా కలిపితే ముందుగా ఏర్పడేది అమైడ్ కాదు, అమోనియం లవణం. దాన్ని గట్టిగా వేడిచేసి నీటిని తొలగిస్తేనే అమైడ్ వస్తుంది. పరీక్షల్లో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఆలోచించండి: ఆస్ప్రిన్ తయారీలో శాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటిక్ ఆమ్లం బదులు ఎసిటిక్ ఎనహైడ్రైడ్ ఎందుకు కలుపుతారు? పై క్రమాన్ని చూసి మీరే సమాధానం రాయండి.